పాడుపెట్టిన ఇంట్లో కారు

పంతులుగారి పన్నెండో రోజు భోజనాలు ముగించుకుని, బాపట్లలో ఆయన ఉండే వీధి చివరికి వచ్చేసరికి ఎవరో ఒకావిడ మా కారు వెనక తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది. ఎండకి నీడ చూసుకుందనుకుని, "కాస్త జరగమ్మా, బండి తియ్యాలి" అన్నాను. ఆవిడ జరగలేదు. వేళ్ల కొసలు నల్లగా ఉన్నాయి. వేటపాలెం జీడిపప్పు షెడ్లలో గింజలు కొట్టేవాళ్ల చేతులు అలాగే ఉంటాయి, ఎంత తోమినా ఆ నలుపు పోదు.

"ఈ కారు మీదేనాండి బాబుగారూ?" అంది.

"మా నాన్నగారిది. ఇప్పుడు నాది."

"మా ఆయన ఇందులోనే పోయాడండి."

పొరబడుతోందనుకున్నాను. నీలం రంగు పాత కార్లు మా జిల్లాలో ఒకటేమిటి, ఎన్నో ఉంటాయి. ఆ మాటే చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఇటువైపు తలుపుకి అద్దం దించే పిడి చెక్కదండి. గుంటూరు దాకా దాన్ని పట్టుకునే కూర్చున్నాను."

ఆ చెక్క పిడి మా నాన్న వడ్రంగి చేత చెక్కించింది. ఇంకో కారుకి ఉండే అవకాశం లేదు.

"కరోనా రెండోసారి వచ్చినప్పుడండి. ఆటోలు రాలేదు, అంబులెన్సులు రాలేదు. మా పేటలో గుడికి పంతులుగారు వచ్చేవారు కదా అని ఫోన్ చేస్తే, ఈ కారేసుకుని వచ్చారు. పొన్నూరు దాటాక పోయాడు మా ఆయన. నాకు తెలుస్తానే ఉంది, ఆయనకీ తెలిసింది. అయినా వెనక్కి తిప్పలేదండి. గుంటూరు దాకా తీసికెళ్లి, డాక్టరుకి చూపించి, లేడని ఆయన నోటితో అనిపించి, మళ్లీ మా ఇంటికి చేర్చారు. నా మనసు కోసమండి." తలుపు మీద చెయ్యి తియ్యకుండానే, "ఒకసారి లోపల కూర్చోవచ్చాండి?" అని అడిగింది.

తలుపు తీశాను. ఆవిడ ఎక్కి ఆ చెక్క పిడి పక్కనే కూర్చుంది. ఒళ్లో ఎవరిదో తల ఉన్నట్టు రెండు చేతులూ పెట్టుకుని, ఎటూ చూడకుండా కాసేపుండి దిగింది. "వస్తానండి" అని బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయింది.

ఎండలో అలాగే నిలబడిపోయాను. తెనాలి నుంచి వచ్చిన ప్రతిసారీ నా కూతురు కాళ్లు ముడుచుకుని నిద్రపోయేది ఆ సీట్లోనే. అలా నిలబడిపోవడానికి అదొక్కటే కారణం కాదు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆ కారు మా బాపట్ల ఇంట్లో, తాళం వేసిన గేటు లోపల ఉంది. నాన్న ధనిష్ఠా నక్షత్రంలో పోయారని చెప్పి, ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టమన్నది ఈ పంతులుగారే. ఇంటి తాళాలు తన దగ్గర పెట్టుకున్నదీ ఈయనే.

ఆయన సంగతి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే నాకు ఎందుకంత దిమ్మ తిరిగిందో ఎవరికీ అర్థం కాదు.

మనిషి పొడుగు, సన్నం. గొంతు మాత్రం ఇద్దరికి సరిపోయేది. శుభానికీ ఆయనే, అశుభానికీ ఆయనే. మా ఇంట్లో నాకు అన్నప్రాశన చేసిందీ, నాన్నకి కర్మ చేయించిందీ ఒక్కరే. భుజానికి ఒక గుడ్డ సంచీ ఉండేది. అందులో దర్భలు, పసుపు, గంధం, పంచాంగం, వాటి అడుగున రెండు స్పానర్లు, ఒక ప్లగ్గు విప్పే గొట్టం, ఒక సీసా. సొంతానికి ఉన్నది ముసలి మోపెడ్. కారు లేదు, ఎప్పుడూ లేదు. కానీ ఊళ్లో ఎవరి కారు ఎప్పుడు దగ్గిందో, ఎవరి కారు ఏ రోగంతో మంచాన పడిందో ఆయనకి తెలిసినట్టు ఆ కారు సొంతదారుకి తెలిసేది కాదు. చిన్నప్పుడు తెనాలిలో ఒక రైసుమిల్లు యజమానికి కారు నడిపేవారట. తండ్రి చెవి మెలిపెట్టి తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టాడట. కూర్చున్నారు గానీ, చెవి మాత్రం రోడ్డు మీదే ఉండిపోయింది.

మా చెల్లెలి పెళ్లి తెనాలిలో జరిగింది. ముహూర్తం దగ్గరపడుతోంది. మంత్రం మధ్యలో ఆయన ఆగారు. ఏదో అపశకునమేమోనని మగపెళ్లివారి మొహాలు పాలిపోయాయి. "బయట ఆ కారు వాడెవడో గానీ, చోక్ లోపలికి నెట్టమనండి. ప్లగ్గులు తడిసి చస్తాయి" అని, ఆపిన అక్షరం దగ్గర్నుంచే మంత్రం అందుకున్నారు. ఆ పెళ్లి వీడియోలో ఈ మాట స్పష్టంగా వినిపిస్తుంది. మా బావ ఇప్పటికీ వేసి చూపించి నవ్వుతాడు.

బోనెట్ మీదికి వంగేటప్పుడు జంధ్యాన్ని తీసి కుడి చెవికి చుట్టుకునేవారు, గ్రీజు అంటకుండా. జంధ్యం చెవికి చుట్టారంటే మనవాళ్లకి ఒకటే అర్థం. దారిన పోయే ఆడవాళ్లు గబుక్కున మొహం తిప్పుకునేవారు. "తిరగండమ్మా, పర్లేదు, కార్బొరేటరే" అని అరిచేవారు. పని అయ్యాక సబ్బుతో చేతులు తోముకుని, ఆచమనం చేసి, మళ్లీ దేవుడి పనిలో పడేవారు. ఆయన ఇచ్చే తీర్థంలో ఎప్పుడూ పచ్చకర్పూరంతో పాటు ఇంకో వాసన కూడా ఉండేదని మా అమ్మ అంటుండేది.

ఆయన విద్యలో ఆయనకి ఎదురు లేని చోటు ఒకటుంది. నిలవ పెట్రోలు. దానికి కారణమూ ఆయన వృత్తే. మా వైపు ఎవరైనా ధనిష్ఠలో పోతే ఆరు నెలలు ఆ ఇల్లు మూసెయ్యాలంటారు. పొయ్యి వెలగదు, దీపం పెట్టరు, మనుషులు వేరే చోట తలదాచుకుంటారు. ఇల్లు మూస్తే షెడ్డూ మూస్తారు, షెడ్డులో కారూ ఉండిపోతుంది. ఆరు నెలలయ్యాక ఇల్లు తెరిచి, పుణ్యాహవాచనం చేయించి, పాలు పొంగించి, సంతోషంగా వెళ్లి కారు తాళం తిప్పితే అది కదలదు. మూయించేదీ ఆయనే, తెరిపించేదీ ఆయనే గనక, కదలని కారూ ఆయన నెత్తికే వచ్చేది.

ఒకసారి నా కళ్లారా చూశాను. మా చెల్లెల్ని ఇచ్చింది రేపల్లె. వాళ్ల మామగారు పోయినప్పుడు ఆ ఇల్లూ అలాగే పాడుపెట్టారు. తెరిచిన రోజు నేనూ వెళ్లాను. పూజ అయింది. విస్తళ్లు వేస్తున్నారు. మా బావ ఆ పొద్దున్నే కొత్త బ్యాటరీ తెచ్చి పెట్టించాడు కదా అని ధీమాగా కారెక్కాడు. ఇంజను తిరుగుతోంది, తిరుగుతోంది, అందుకోవడం లేదు. మా చెల్లెలి అత్తగారు మెట్టు మీద కూలబడి ఏడుపు మొదలుపెట్టింది.

"ఆయనకి ఇంకా కోపం పోలేదు. బతికుండగా ఆ కారు ఎవర్నీ ముట్టుకోనిచ్చారా? ఇక్కడే ఉన్నారు, ఎక్కడికీ పోలేదు" అని ఒకటే ఏడుపు. చుట్టాల్లో ఒకాయన ఇంకో శాంతి చేయించాలన్నాడు. ఇంకొకాయన నిమ్మకాయల కోసం మనిషిని పంపాడు.

పంతులుగారు విస్తరి ముందు నుంచి లేచారు. "ఎవరూ సెల్ఫ్ కొట్టకండి" అని ఒక్క కేక వేసి, జంధ్యం చెవికి చుట్టుకుని షెడ్డులోకి నడిచారు. ముందు కారుని ముట్టుకోలేదు. మా బావని అడిగారు.

"సెల్ఫ్ గట్టిగా తిరుగుతోందా, మూలుగుతోందా?"

"గట్టిగానే తిరుగుతోందండి."

"అయితే బ్యాటరీ జోలికి పోవద్దు." ప్లగ్గు ఒకటి విప్పి, తీగ తగిలించి, ఇంజను మీద ఆనించి, మా బావని ఒకసారి తాళం తిప్పమన్నారు. చిటుక్కున నిప్పురవ్వ వచ్చింది. ప్లగ్గు కొసని వేలితో తడిమి చూశారు. తడిగా ఉంది. అప్పుడు మెట్టు మీద ఉన్నావిడ్ని పిలిచారు. "అమ్మా, ఇలా రండి. పొయ్యిలో నిప్పుంది, గిన్నెలో ఎసరుంది, అన్నం మాత్రం ఉడకడం లేదు. ఏంటి కారణం?"

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ ఆలోచించింది. "బియ్యంలో ఏదో ఉండుంటదండి."

"అదీ. ఆరు నెలల పాతవి."

"పాత బియ్యమైతే ఇంకా బాగా ఉడుకుతాయి కదండి" అంది ఆవిడ. అంత ఏడుపులోనూ ఆ మాట వదల్లేదు.

పంతులుగారికి నవ్వొచ్చింది. "ఒప్పుకున్నానమ్మా. బియ్యం పాతబడితే మర్యాద, పెట్రోలు పాతబడితే చెత్త. పెట్రోలు నెయ్యి కాదు, పాలు. దాచుకుంటే విరుగుతుంది." ట్యాంకు మూత తీసి తాను ఒకసారి వాసన చూసి, ఆవిడ్నీ చూడమన్నారు. రంగుల డబ్బా తెరిచినట్టుందంది ఆవిడ. "కొత్తదైతే ముక్కుని పొడుస్తుంది. ఇందులో ఆ పొగరు ఆవిరైపోయింది. ఇక నిప్పు చూపించినా మండే ఓపిక దానికి లేదు" అన్నారు. సీసాలోకి కాస్త తీసి వెలుతురుకి పట్టుకుంటే టీ డికాక్షను రంగులో ఉంది. ట్యాంకంతా బక్కెట్లోకి దింపించారు. కార్బొరేటరు గిన్నె విప్పితే అడుగున ముదిరిపోయిన పాకంలాగ అంటుకుని ఉంది. అదంతా గోకి, కడిగి, సన్నటి బెజ్జాలు నోటితో ఊది, ప్లగ్గులు ఎండలో ఆరబెట్టి, కొత్త పెట్రోలు పోయించారు. కారు రెండుసార్లు దగ్గి, తెల్లటి పొగ ఒకటి వదిలి స్టార్టయింది. ఈలోగా అందరి విస్తళ్లలో పప్పు చల్లారిపోయింది.

ఆయన ఆవిడ దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. అంత చిన్నగా ఆయన మాట్లాడగలరని అప్పటిదాకా నాకు తెలియదు. "మీ ఆయన ఎప్పుడో వెళ్లిపోయారమ్మా. మీమీద కోపమేమీ పెట్టుకోలేదు. ఏ కారైనా నిలబెడితే ఇంతే. లేచి అన్నం తినండి." ఆవిడ లేచి తింది.

తిరిగొచ్చేటప్పుడు ఉండబట్టలేక అడిగాను. "కారు ఆగితే ఒక్కొక్కటీ చూసి కారణం చెప్తారు. ఇంటి దగ్గరికొచ్చేసరికి నక్షత్రం అంటారేంటి పంతులుగారూ?"

చెరుకుపల్లి దాటాక చెప్పారు. "కారు ఎందుకు ఆగిందో కనిపెట్టొచ్చు నాయనా. మనిషి ఎందుకు ఆగిపోయాడో కనిపెట్టలేం. కనిపెట్టలేని చోట కొన్నాళ్లు దూరంగా ఉండమన్నారు పెద్దవాళ్లు. నేను అదే చెప్తున్నా."

ఆ రేపల్లె సంగతి తర్వాత ఆయన తన పద్ధతిలో ఒకటి చేర్చుకున్నారు. పాడుపెట్టే ఇంట్లో దీపం కొండెక్కించి, తాళం వేయించే ముందు, కారు ట్యాంకు ఖాళీ చేయించేవారు. దగ్గరుండి ఆఖరి చుక్కదాకా దింపించేవారు. ఏ శాస్త్రంలో ఉందని ఎవరైనా ఎగతాళి చేస్తే, నా శాస్త్రంలో అనేవారు. నక్షత్రం విషయంలో మాత్రం సొంత శాస్త్రమూ లేదు, మొహమాటమూ లేదు. కారంచేడులో ఒక పెద్ద రైతు, తండ్రి ప్రాణం పోయిన వేళ కొంచెం ముందుకి జరిపి ఇల్లు మూసే పని లేకుండా చెయ్యమంటే, సంచీ భుజాన వేసుకుని లేచి వచ్చేశారు. పంతులుగారు చెప్పారంటే ఇక పంచాంగం తెరిచి చూసుకునే పని లేదని మా ప్రాంతంలో ఒక నమ్మకం.

మా నాన్నకీ ఆయనకీ స్నేహం ఈ కారు వల్లే. ఆదివారం పొద్దున ఇద్దరూ బోనెట్ ఎత్తి దాని కింద తలలు దూర్చి నిలబడేవారు. బాగుచెయ్యడానికేమీ ఉండేది కాదు, ఊరికే. అమ్మ కాఫీ గ్లాసులు రేడియేటరు పక్కన పెట్టి వచ్చేది. మొదటి లాక్‌డౌన్ అయ్యాక కారు మొండికేస్తే, రోజంతా కూర్చుని నిలవ పెట్రోలు తీసి దానికి మళ్లీ ప్రాణం పోసింది పంతులుగారే. ఆ సాయంత్రం ఇద్దరూ సూర్యలంక దాకా వెళ్లొచ్చారు. ఆయన నడిపారు, నాన్న పక్కన కూర్చున్నారు. నాన్న తన కారు తాళం ఇంకొకరి చేతికివ్వడం నేను అప్పుడే చూశాను.

రెండోసారి కరోనా ముదిరిన రోజుల్లో నాన్న ఒక పొద్దున గుండె ఆగి పోయారు. జబ్బు కాదని అందరికీ చెప్పాం. ఎవరూ నమ్మలేదు, ఎవరూ రాలేదు. పంతులుగారు ఒక్కరే మోపెడ్ మీద వచ్చారు. పాడెకి మనుషులు చాలకపోతే తానే ఒక కొమ్ము పట్టారు. కర్మలన్నీ ఒక్క మంత్రం మింగకుండా చేయించారు. ఆఖర్న, ధనిష్ఠ గనక ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలన్నారు. అమ్మని చెరుకుపల్లిలో మా మేనమామ ఇంటికి పంపాం. తాళం వేసే ముందు ట్యాంకు ఖాళీ చేయిద్దామని నేను బక్కెట్టు తెచ్చాను. "ఉండనీ నాయనా. తాళాలు నాకియ్యి, నేను చూసుకుంటా" అన్నారు. దుఃఖంలో ఉన్నాం, ఇచ్చాను.

ఆ ఆరు నెలలు మా అమ్మ వడ్ల బస్తాల గదిలో, వాటి పక్కన మంచం వేసుకుని ఉంది. నలభై మంది పిల్లల్ని గుడ్లురిమి కూర్చోబెట్టిన పంతులమ్మ, కాఫీ ఇంకొంచెం కావాలని అడగడానికి మొహమాటపడేది. మా అత్త చెడ్డది కాదు గానీ గ్లాసు కింద పెట్టే చప్పుడులోనే అన్నీ చెప్పేది. నేను ఎప్పుడు వెళ్లినా అమ్మ గుమ్మంలో కూర్చుని ఉండేది. ఆ దృశ్యం నాకు పోలేదు. తెనాలిలో నా కళ్లజోళ్ల షాపులో కూర్చుని దాన్నే తలుచుకునేవాణ్ని. నక్షత్రాన్ని తిట్టుకున్నాను గానీ ఆయన్ని ఎప్పుడూ ఏమీ అనుకోలేదు.

ఇల్లు తెరిచిన రోజు కారు మొరాయిస్తుందని కొత్త పెట్రోలు, బక్కెట్టు, పాత గుడ్డలు సిద్ధం చేసుకుని వెళ్లాను. తాళం తిప్పగానే ఒక్క దెబ్బకి స్టార్టయింది. "పంతులుగారూ, మీ పాల సిద్ధాంతం తప్పిందే" అన్నాను. దేనికైనా ఎదురు మాట ఉండే మనిషి ఆ రోజు ఏమీ అనలేదు. చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్లిపోయారు. ఆయనకి వయసు మీదపడిందనుకున్నాను.

ఆ వీధి చివర, ఎండలో, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ట్యాంకు ఎందుకు ఖాళీ చేయించలేదో తెలిసింది. ఒక్క దెబ్బకి ఎందుకు స్టార్టయిందో తెలిసింది. ఇక మిగిలింది ఒకటే. అసలు ఆ ఇల్లు మూయాల్సిన అవసరం ఉందా, లేక కారు కోసం మా అమ్మని ఆరు నెలలు బస్తాల పక్కన పడుకోబెట్టాడా ఈ మనిషి? ఎంత మంచి పనికైనా సరే. చచ్చిపోయినవాడి మీద అంత కోపం రావడం నాకు అదే మొదలు. ఆయన ఇంటి భోజనం ఇంకా నా కడుపులోనే ఉంది.

కారు అక్కడే వదిలి, నడిచి మా ఇంటికి వెళ్లాను. అమ్మ పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్లి, ఆయన కూతుర్ని పలకరించి, తినకుండా వచ్చేసింది. వరండాలో ట్యూషను పిల్లల కోసం చాపలు పరుస్తోంది.

"అమ్మా, ఇల్లు మూసి ఉన్నప్పుడు పంతులుగారు మన కారు వాడారు. తెలుసా?"

"తెలుసు. కాళ్లు కడుక్కుని రా."

"రోగుల్ని ఎక్కించుకున్నారు. ఒకాయన ఆ వెనక సీట్లో పోయాడు."

"ఒకాయన కాదు" అంది అమ్మ. "నాకు ఫోన్ చేసి చెప్పేవాడు. ఎవర్ని తీసికెళ్లిందీ, ఎవరు దక్కిందీ, ఎవరు దక్కందీ."

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. "కారు కావాలంటే కారు అడగొచ్చు కదా. ధనిష్ఠ ఉందని దొరికింది సందు అనుకుని—"

"ధనిష్ఠ లేదు" అంది అమ్మ. "మీ నాన్న శ్రవణంలో పోయారు. ధనిష్ఠ ఆ సాయంత్రానికి గానీ రాలేదు."

కారంచేడు రైతు మాటకి సంచీ వేసుకుని లేచిపోయిన మనిషి. "ఆయన అబద్ధం చెప్పాడా?"

"నేను చెప్పించాను. రెండు రోజులు బతిమాలితే ఒప్పుకున్నాడు. జన్మలో నక్షత్రం మార్చలేదు తల్లీ అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఏంచెయ్యమంటావు? ఊరికే ఇస్తే నువ్వూరుకుంటావా, నీ చెల్లెలు ఊరుకుంటుందా? వీధిలో వాళ్లు ఊరుకుంటారా, రోగాల బండి పెట్టుకుందని గేటు మీద రాళ్లు వెయ్యరూ? పాడుపెట్టిన ఇంటివైపు మాత్రం ఎవరూ తలెత్తి చూడరు. కారు ఎప్పుడెళ్లిందో, ఎప్పుడొచ్చిందో అడిగేవాళ్లుండరు."

"నువ్వు అన్నాళ్లు అలా పడుండి మరీ ఎందుకమ్మా? ఊరందరి బాధ నీకెందుకు?"

అమ్మ చేతిలో చాప కింద పెట్టి గోడకి ఆనుకుంది.

"ఊరందరి కోసం కాదురా. మీ నాన్న పోవడానికి నెల ముందు పంతులుగారి భార్యకి ఊపిరి అందలేదు. ఊళ్లో ఏ బండీ రాలేదు. పరిగెత్తుకుంటూ మనింటికే వచ్చాడు. గేటు బయట నిలబడి, కారు ఇమ్మని అడిగాడు, నేనే నడుపుకుంటాను, నువ్వు రావద్దు అన్నాడు. మీ నాన్న ఇవ్వలేదు."

నేనేదో అనబోయాను. అమ్మ చెయ్యి ఎత్తి ఆపింది.

"మా ఆవిడకి షుగరు పంతులూ, ఆ కారు మళ్లీ ఇంట్లోకొస్తే ఆవిడ దక్కదు అన్నారు. నా పేరు చెప్పి కాదన్నారు. నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. ఒక్క మాటంటే సరిపోయేది, అనలేదు. నాకూ భయమే. మధ్యాహ్నానికి ఆవిడ పోయింది."

ఆవిడ ఆ ఎండాకాలంలో పోయిందని నాకు తెలుసు. ఎలా పోయిందని ఎవరూ చెప్పలేదు. ఆదివారాలు ఆ బోనెట్ కింద రెండు తలలు, వాటి మధ్య కాఫీ గ్లాసులు. సూర్యలంక నుంచి తిరిగొచ్చిన సాయంత్రం నాన్న మొహం. నాన్న ఆ పని చేశారంటే నమ్మలేకపోయాను. అమ్మ మొహం చూస్తే నమ్మక తప్పలేదు.

"మరి నెల తిరక్కుండా నాన్న పోతే, ఆ మనిషి ఎలా వచ్చాడమ్మా? పాడె ఎలా మోశాడు?"

"నేనూ అదే అడిగాను. సగం సగం చేసి పోతాడేమోనని భయపడ్డాను కూడా. ఎవరొచ్చి అడుగుతారు, ఏ మంత్రం మింగితే ఎవరికి తెలుస్తుంది? మూడో రోజున దొడ్లో నిలబడి అడిగేశాను."

"ఏమన్నాడు?"

"బండి ఇవ్వనివాడికి అక్కడ దారి మరీ కష్టం తల్లీ, నడవాలి. అందుకని వీడికి అన్నీ రెండేసి సార్లు చదువుతున్నా అన్నాడు."

ట్యూషను పిల్లలు గేటు తీసుకుని ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. అమ్మ లేచి వాళ్ల దగ్గరికి వెళ్లింది. నేను జేబులోంచి కారు తాళం తీసి కిటికీలో పెట్టాను. వీధి చివరికి వెళ్లి ఆ కారెక్కడం నా వల్ల కాలేదు. స్టేషనుకి నడిచి, తెనాలి రైలెక్కాను.